ధర పడిన ఏడాది పొగాకు రైతు ఇంట్లో ఫొటోలు తీయాలంటే

కొండపి, టంగుటూరు, కలిగిరి వేలం కేంద్రాల్లో నోబిడ్లు (ఎవరూ పాడక మిగిలే బేళ్లు) పెరిగాయంటే చాలు, పొగాకు బేలు పక్కన తలపట్టుకు కూర్చున్న రైతు ఫొటో అన్ని పేపర్లలోనూ వస్తుంది. దాన్ని వదిలేయండి. ఎవరికి ఎంత నష్టమొచ్చిందో అందులో కనపడదు. తిరుగు బేళ్లు వేసుకుని వెళ్లే ట్రాక్టరు వెంట ఊరికి వెళ్లండి.

ఊరి పెద్దమనిషిని మాత్రం వెంటబెట్టుకోవద్దు. పొలం ఆయనదో, అప్పు ఆయనదో అయితే కౌలు రైతు నోరు విప్పడు. ఫొటో ఎక్కడ వేస్తారో, దాంతో సాయం వస్తుందన్న హామీ లేదని ముందే చెప్పండి. మొదటి రోజు కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. తీయకముందు డబ్బులిస్తే అడిగినట్టల్లా కూర్చుంటారు, అది మీకు పనికిరాదు.

ముఖాలకన్నా ముందు చేతులు చూడండి. ఆకు గ్రేడు చేసే ఆడవాళ్ల వేళ్లకు జిగురు నల్లగా పేరుకుని ఉంటుంది. అన్నానికి లేచి చేతులు కడుక్కునేలోపే తీసుకోవాలి. 35 లేదా 50 ఎంఎం లెన్సు, అపర్చర్ ఎఫ్/4, షట్టరు సెకనులో 125వ వంతు. చేతులు ఆగవు కాబట్టి అంతకన్నా నెమ్మదిస్తే వేళ్లు చెదురుతాయి. చీకటి కొట్టంలో ఐఎస్ఓ 3200 దాకా పెంచినా పర్వాలేదు, ఫ్లాష్ వద్దు. తర్వాత బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం), మిగిలిన పుల్లలు, బేలుకు కట్టిన చీటీ, బంగారం కుదువ పెట్టిన రసీదు. రసీదు మీది పేరు, ఖాతా నంబరు వేలితో కప్పమనండి.

ఇంట్లో వెలుగంతా వాకిట్లోంచే వస్తుంది. మనిషిని గుమ్మానికి ఓరగా కూర్చోనిచ్చి మీరు గోడ వైపు జరగండి. గుమ్మం ఫ్రేములోకి వస్తే ముఖం నల్లబడుతుంది. ముఖానికి స్పాట్ మీటర్ (ఒక్క చోటి వెలుగే కొలిచేది) పెడితే చామనఛాయను కెమెరా తెల్లబరుస్తుంది. ఎక్స్‌పోజరు అరస్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ అంటే వెలుగు సగానికి తగ్గడం). నీలం పట్టా కింద తీస్తే చర్మానికి నీలం పడుతుంది. అది కంప్యూటర్లోనూ పూర్తిగా పోదు, పట్టా అంచుకు జరగమనడమే మేలు.

ఫొటో కింద రాతలోనే చాలామంది తప్పుతారు. 1936 మార్చిలో, మాంద్యం రోజుల్లో, కాలిఫోర్నియాలోని నిపోమోలో ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ బఠానీ కూలీల గుడారాల దగ్గర పిల్లలతో ఉన్న ఒక తల్లిని తీసింది. పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గానీ లోకానికి తెలియలేదు. తిండి కోసం కారు టైర్లు అమ్మారన్న లాంగ్ మాటను కుటుంబం కాదంది. ఫొటో ఎంత గొప్పదైనా ఆ రాత తప్పే. అందుకే అక్కడికక్కడే రాసుకోండి: తేదీ, సొంతం ఎన్నెకరాలు, కౌలు ఎన్నెకరాలు, ఎకరానికి కౌలు, బ్యారన్ అద్దె, అప్పు రెండు రూపాయల వడ్డీయా మూడా, ఎన్ని బేళ్లు వెనక్కొచ్చాయి. రాసింది వాళ్లకు చదివి వినిపించండి, ఒక్కోసారి ఇంటావిడే లెక్క సరిచేస్తుంది. కౌలు రైతు పేరు బయటపడితే వచ్చే ఏడు పొలం దక్కకపోవచ్చు. పేరు వేయాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఫొటో ఫైల్లో జీపీఎస్ (ఎక్కడ తీశారన్న వివరం) కూడా తీసేయండి.

ప్రింట్లు 6×8లో వేయించి నెలలోపు ఇచ్చి రండి. అద్దం ఫ్రేములు కట్టించవద్దు, వానాకాలం చెమ్మకు ఫొటో అద్దానికి అతుక్కుంటుంది. ల్యామినేషన్ చాలు.