కారు చప్పుళ్లను గుర్తించడం – మూడవ పాఠం: యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే చప్పుడు

మొదటి పాఠంలో నిలిపి ఉంచిన కారులో ఇంజను సహజంగా చేసే చప్పుళ్లను, రెండవ పాఠంలో బ్రేకు వేసినప్పుడు చక్రాల దగ్గర పుట్టే కీచుమోతలను తెలుసుకున్నాము. ఈ పాఠంలోని విషయం వాటికంటే చిక్కైనది. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను మీద భారం పడుతుంది, దాని వెంటనే ఇంజను తిరిగే వేగం పెరుగుతుంది, కొద్ది క్షణాలకు చక్రాల వేగమూ పెరుగుతుంది. చప్పుడు ఈ మూడింటిలో దేనిని అనుసరిస్తున్నదో తేల్చుకోకుండా షెడ్డుకు వెళ్లి “స్పీడు పెంచితే ఏదో శబ్దం వస్తోందండీ” అని మాత్రమే చెప్పినవారి కారులో తరచుగా భాగాలు మారతాయి గాని చప్పుడు మారదు.

ముందు చక్రాలను ఇంజను తిప్పే, మాన్యువల్ గేర్లున్న చిన్న పెట్రోలు కారును ఉదాహరణగా తీసుకుందాము. పరీక్షకు ముందు డిక్కీని, సీట్ల కింది చోటును ఖాళీ చేయండి. ఒకసారి గలగలమనే చప్పుడు కోసం నేను ఆదివారమంతా వెతికితే, చివరికి అది స్టెప్నీ కింద వదులుగా పడి ఉన్న జాకీ చప్పుడని తేలింది.

మొదట కారును ఆరుబయట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే ఆర్‌పీఎం ముల్లు 3000 చేరేదాకా నెమ్మదిగా పెంచండి. కారు కదలకుండానే ఆ చప్పుడు వినిపించిందంటే అది ఇంజను వేగానిదే. చక్రాలనూ, ఇంజను శక్తిని వాటికి చేర్చే కడ్డీలైన డ్రైవ్ షాఫ్టులనూ ఇక అనుమానించనక్కరలేదు. ముల్లు ఒకానొక అంకె దగ్గర ఉన్నప్పుడే రేకు అదిరినట్టు వినిపించి, దానిని దాటగానే మాయమయ్యే మోత చాలావరకు సైలెన్సర్ గొట్టం మీది వేడి నిరోధక రేకుది. దాని మరలు తుప్పు పట్టి వదులవడమే కారణం, ఖర్చు కూడా స్వల్పమే. కీచుమని అరిచేది బెల్టు అనిపిస్తే, పిచికారీ సీసాతో బెల్టు గాడుల వైపు కొద్దిగా నీళ్లు చల్లి చూడండి. అరుపు కాసేపు ఆగి మళ్లీ మొదలైతే బెల్టును తిప్పే చక్రాలైన పుల్లీలు ఒక వరుసలో లేవని, నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బెల్టు బిగువు చాలక జారుతోందని భావించవచ్చు. ఇంజను తిరుగుతుండగా చేసే పని కనుక వేళ్లు, చేతి కఫ్, చున్నీ, కొంగు బెల్టుకు దూరంగా ఉండాలి.

నిలిపిన కారులో ఏమీ వినిపించకపోతే, వాహనాలు లేని సమతలమైన రోడ్డు మీదికి వెళ్లండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మూడవ గేరులో కొంతదూరం, అదే వేగంలో నాలుగవ గేరులో కొంతదూరం నడపండి. గేరు మారినా మోత స్థాయి మారకపోతే అది చక్రాల వైపు నుంచి వస్తున్నట్టు; నాలుగవ గేరులో తగ్గితే ఇంజను వైపు నుంచి వస్తున్నట్టు. తరువాత అదే వేగంలో న్యూట్రల్‌లోకి మార్చి కారును దానంతట దొర్లనివ్వండి. ఈ పరీక్షలో తాళం చెవిని తిప్పి ఇంజనును ఆపకూడదు. ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు అందే సాయమూ కొన్ని తొక్కుళ్లతో తీరిపోతుంది. కారు అలా దొర్లుతున్నప్పుడు కూడా ఘూమని మోగుతూనే ఉంటే వీల్ బేరింగునో, అరిగిన టైరునో అనుమానించాలి. ఎడమవైపు మలుపులో ఆ మోత పెరిగితే, బరువు కుడివైపుకు ఒరుగుతుంది కనుక, కుడి బేరింగు వైపు ముందు చూడండి.

టకటకమనే చప్పుడు అయితే లెక్కపెట్టండి. ఈ పద్ధతిని చాలామంది పట్టించుకోరు గాని, నా దృష్టిలో ఇంతకంటే నమ్మదగినది మరొకటి లేదు. 165/80 ఆర్ 14 అనే కొలత గల టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 5.5 మీటర్లు పోతుంది కనుక చక్రం సెకనుకు దాదాపు మూడుసార్లు తిరుగుతుంది. 800 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా తిరిగే ఇంజనులో ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ సెకనుకు 13 సార్లు, వాల్వులను నడిపే క్యామ్ షాఫ్ట్ అందులో సగం, అంటే ఆరేడుసార్లు తిరుగుతాయి. సెకనుకు మూడు దెబ్బలు వినిపిస్తే టైరులో దిగిన రాయి కూడా కావచ్చు. ఆరేడు దెబ్బలైతే, వాల్వులను నొక్కే భాగాలైన ట్యాపెట్ల వైపు చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఒక సిలిండరు దగ్గర పొగ గొట్టం అతుకులోని ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ కాలిపోయి పొగ బయటికి లీకైనా అవే ఆరేడు దెబ్బలు వినిపిస్తాయి, ఎందుకంటే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఆ సిలిండరు కూడా రెండు చుట్లకు ఒకసారే మండుతుంది. అయితే అటువంటి లీకు చప్పుడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, లోహం వేడెక్కి వ్యాకోచించాక తగ్గుతుంది. అతుకు దగ్గర నల్లటి మసి కూడా కనిపిస్తుంది.

వేగం ఎంతైనా సరే, పెడల్‌ను గట్టిగా తొక్కినప్పుడే వచ్చి, పాదం ఎత్తగానే ఆగే చప్పుడు భారానికి సంబంధించినది. తిరుమల ఎగువ ఘాట్ రోడ్డులో కారు నిండా మనుషులతో నాలుగవ గేరులోనే గుంజుకుంటూ ఎక్కుతున్నప్పుడు, డబ్బాలో చింతగింజలు ఆడించినట్టు ఇంజనులోంచి చిటచిట వినిపిస్తే అది నాకింగ్. స్పార్కు మంట చేరకముందే సిలిండరు మూలన మిగిలిన మిశ్రమం ఒత్తిడికి దానంతటదే భగ్గున మండడం వల్ల ఆ చప్పుడు పుడుతుంది. గేరు తగ్గించగానే అది ఆగిపోతే లోపం కారుది కాకపోవచ్చు, నడిపే పద్ధతిది కావచ్చు. ఆగకపోతే నాసిరకం పెట్రోలు, పేరుకున్న కార్బన్, అతిగా వేడెక్కిన ఇంజను అనే మూడింటినీ పరిశీలింపజేయాలి.

పెడల్ తొక్కగానే ఒకసారి, వదలగానే మరొకసారి ధబ్‌మంటే ఇంజనును కారు చట్రానికి పట్టి ఉంచే మౌంటింగు రబ్బరు చిరిగి ఉండవచ్చు. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా వేగం పెంచుతున్నప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటు అరిగినట్టు. సాధారణంగా మలుపుకు బయటివైపున ఉన్న జాయింటే మోగుతుంది. టార్చి వేసి చూస్తే జాయింటు మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరిగి, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి కనిపిస్తుంది. మోత ఇంకా మొదలుకాని జాయింటును కొత్త బూటు, కొత్త గ్రీజు కాపాడతాయి. మోత మొదలైన తరువాత బూటు మార్చడం వృథా.

ఇంజను అడుగు నుంచి బరువైన దెబ్బలు పడుతూ, వేగం పెంచిన కొద్దీ బలపడుతున్నప్పుడు మాత్రం పరీక్షలేవీ చేయకూడదు. ముఖ్యంగా డ్యాష్‌బోర్డు మీది ఇంజను ఆయిల్ హెచ్చరిక దీపం కూడా వెలిగితే రోడ్డు పక్కకు చేర్చి ఇంజనును వెంటనే ఆపి, కారును లాగించుకొని షెడ్డుకు చేర్చండి.

అభ్యాసంగా, మీ కారు బాగానే ఉన్నప్పటికీ, పొడవైన ప్రహరీగోడ పక్కగా అద్దాలు దించి 20, 40 కిలోమీటర్ల వేగాలలో నడపండి; గోడకు తగిలి తిరిగివచ్చే చప్పుడు లోపల కూర్చుంటే వినిపించని వాటిని కూడా వినిపిస్తుంది. వేగం, గేరు, పెడల్ మీద పాదం ఉన్నదా లేదా అనేవి పక్కన కూర్చున్నవారి చేత నోటుపుస్తకంలో రాయించండి. నాలుగవ పాఠంలో క్లచ్ చప్పుళ్లకు వెళ్లినప్పుడు ఆ పుటతోనే మొదలుపెడతాము.