రైఫిల్ గురి తప్పుతోందా? క్యాలిబర్ మార్చే ముందు ఇవి చూడండి

"వేటకీ, 1,000 గజాల టార్గెట్‌కీ ఒకే రైఫిల్ సరిపోతుందా? .308 తీసుకోవాలా, 6.5 క్రీడ్‌మోర్ తీసుకోవాలా?" టెక్సస్‌లో రేంజ్‌కి వచ్చే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో ఇప్పటికే ఒక రైఫిల్ ఉంటుంది. అది సరిగ్గా కొట్టడం లేదని ఇంకొకటి కొనాలనుకుంటారు. కొత్తది కొన్నా పాత తప్పు దానితోపాటే వస్తుంది. అందుకే ముందు లక్షణం చూసి కారణం పట్టుకోవాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. తూటా అంటే ఇత్తడి కేసు, ప్రైమర్ (మందుని అంటించే చిన్న భాగం), తుపాకీ మందు, బుల్లెట్ అన్నీ కలిపి. బుల్లెట్ అంటే బ్యారెల్‌లోంచి బయటికి వెళ్లే ముక్క మాత్రమే. దాని బరువుని గ్రెయిన్లలో చెబుతారు. క్యాలిబర్ అంటే బుల్లెట్ మందం, .308, 6.5 క్రీడ్‌మోర్ లాంటివి తూటా రకాల పేర్లు. కింద చెప్పే సమస్యల్లో చాలావాటికి కారణం తూటా పేరు కాదు, అందులో ఉన్న బుల్లెట్.

100 గజాల్లోనే గ్రూప్ చెదిరిపోతోంది

గ్రూప్ అంటే ఒకే గురికి కాల్చిన గుళ్లు కాగితం మీద పడిన గుంపు. అది చెదిరితే ముందు స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలు చూడండి. వదులైన స్క్రూ వల్ల గురి కుదరని రైఫిళ్లు చాలా చూశాను. టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన కొలతకే బిగించాలి.

మొదటి రెండు గుళ్లు ఒకచోట పడి, మూడోది, నాలుగోది పక్కకి జరుగుతుంటే బ్యారెల్ వేడెక్కిందని అర్థం. వేట రైఫిల్ బ్యారెల్ సన్నగా ఉంటుంది. చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆగండి. ఈ రెండూ కావంటే మూడు నాలుగు రకాల ఫ్యాక్టరీ తూటాలు ఒక్కో పెట్టె కొని పోల్చండి. ఒకే క్యాలిబర్‌లో ఒక బ్యారెల్‌కి నచ్చిన తూటా ఇంకో బ్యారెల్‌కి నచ్చదు. మూడు గుళ్ల గ్రూప్ చూసి తీర్పు చెప్పకండి, కనీసం పది కాల్చండి.

కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాకుండా తాళంచెవి రంధ్రంలా పడుతోంది

బుల్లెట్ నిలకడగా తిరగడం లేదు, అడ్డంగా పడుతోంది. కారణం దాదాపు ఎప్పుడూ ట్విస్టే. బ్యారెల్ లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయన్నదే ట్విస్ట్. అంకె తగ్గేకొద్దీ బుల్లెట్ వేగంగా తిరుగుతుంది. బుల్లెట్ పొడవు పెరిగేకొద్దీ అది ఇంకా వేగంగా తిరగాలి.

.243 విన్‌చెస్టర్ దీనికి మంచి ఉదాహరణ. 1955లో వచ్చిన ఈ తూటాకి మామూలు వేట రైఫిళ్లలో 10 అంగుళాల ట్విస్ట్ ఉంటుంది. 80, 100 గ్రెయిన్ల వేట బుల్లెట్లకి అది చక్కగా సరిపోతుంది. దూరపు టార్గెట్ కోసం 105 గ్రెయిన్ల పొడవాటి మ్యాచ్ బుల్లెట్ (టార్గెట్ పోటీల కోసం చేసినది) పెడితే కష్టం. దానికి 8 అంగుళాల ట్విస్ట్ కావాలి. .223లో కూడా అంతే. పాత 12 అంగుళాల బ్యారెల్ 55 గ్రెయిన్లని బాగా కొడుతుంది, 77 గ్రెయిన్లని అడ్డంగా పడేస్తుంది.

పరిష్కారం సులభం. బ్యారెల్ మీద చెక్కిన ట్విస్ట్ అంకె చదవండి, దానికి తగిన పొడవున్న బుల్లెట్ కొనండి. బరువైన బుల్లెట్లే కావాలంటే బ్యారెల్ మార్చాల్సిందే.

600 గజాల దాకా బాగుంది, 900 దాటితే బుల్లెట్ ఎటు పోతోందో తెలియడం లేదు

అసలు .308, 6.5 క్రీడ్‌మోర్‌ల పోలికకి నిజంగా అర్థం ఉన్నది ఇక్కడే.

ధ్వని వేగం సెకనుకి సుమారు 1,120 అడుగులు. బుల్లెట్ దాని కంటే ఎంతో వేగంగా బయల్దేరుతుంది కానీ దారిలో నెమ్మదిస్తుంది. ధ్వని వేగానికి దగ్గరపడినప్పుడు దాని చుట్టూ గాలి ఒత్తిడి మారిపోయి కొన్ని బుల్లెట్లు ఊగిసలాడతాయి. .308లో అందరికీ తెలిసిన 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ సుమారు 2,650 అడుగుల వేగంతో వెళ్తుంది. అది 900, 1,000 గజాల మధ్య సరిగ్గా ఆ వేగంలోనే ఉంటుంది. పైగా దాని వెనక భాగం ఆకారం ఆ దశని తట్టుకునేది కాదు. అందుకే అక్కడ గురి చెదురుతుంది. ఇందులో షూటర్ తప్పేమీ లేదు.

రైఫిల్ .308 అయితే 175 గ్రెయిన్లకి మారండి. అమెరికా సైన్యం స్నైపర్ల .308 తూటాలో కూడా చివరికి ఆ బరువే వచ్చింది. కొత్తగా కొంటున్నారా, మీ పని ముఖ్యంగా దూరపు టార్గెట్టేనా? అయితే మొహమాటం లేకుండా 6.5 క్రీడ్‌మోర్ తీసుకోండి. .308 వేట మార్కెట్‌కి వచ్చింది 1952లో. క్రీడ్‌మోర్‌ని తూటాల కంపెనీ హార్నడీ 2007లో టార్గెట్ పోటీలనే దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. సన్నగా, పొడవుగా ఉండే 140 గ్రెయిన్ల బుల్లెట్, దానికి సరిపడే 8 అంగుళాల ట్విస్ట్ మొదటి నుంచీ ఉన్నాయి. 1,000 గజాల దగ్గర కూడా అది ధ్వని వేగానికి బాగా పైనే ఉంటుంది. గంటకి 10 మైళ్ల పక్కగాలి .308 175 గ్రెయిన్ల బుల్లెట్‌ని అక్కడ సుమారు 8 అడుగులు తోస్తే, దీన్ని 6 అడుగుల దాకా తోస్తుంది. గాలి అంచనాలో తప్పు చేసినా ఆ మేరకు నష్టం తక్కువ.

400 గజాల లోపలైతే ఈ తేడా కోసం డబ్బు ఖర్చు పెట్టొద్దు. దగ్గర దూరంలో రెండూ మంచివే. .308 బ్యారెల్ ఎక్కువ కాలం కూడా వస్తుంది.

గాలి లేదు, అయినా దూరంలో గుళ్లు పైకీ కిందకీ పరుచుకుంటున్నాయి

పెట్టెలో తూటాల వేగం ఒకేలా లేదు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి పది గుళ్లు కొలవండి. అన్నిటికంటే వేగవంతమైనదానికీ, నెమ్మదైనదానికీ సెకనుకి 50 అడుగుల తేడా ఉంటే 1,000 గజాల దగ్గర ఒక అడుగు పైనే ఎత్తు తేడా వస్తుంది. మ్యాచ్ గ్రేడ్ తూటాలు, ఒకే లాట్ నంబర్‌వి, ఒకేసారి కొని పెట్టుకోండి.

గుండు తగిలింది, జింక మాత్రం దొరకలేదు

ఈ సమస్య గురించి గట్టిగానే చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ బాధపడేది ఒక ప్రాణి.

టార్గెట్ మీద అద్భుతంగా పడిన మ్యాచ్ బుల్లెట్‌నే వేటకి తీసుకెళ్లడం తరచూ జరిగే తప్పు. కాగితం మీద గురి కోసం చేసిన చాలా బుల్లెట్లు జంతువు శరీరంలో విచ్చుకుంటాయన్న హామీ లేదు. ఒక్కోసారి సన్నని రంధ్రం చేసుకుని బయటికి పోతాయి, ఒక్కోసారి పైపైనే ముక్కలైపోతాయి. వేట బుల్లెట్ ఒక పద్ధతిలో విచ్చుకుని లోతుగా వెళ్లేలా చేస్తారు. పెట్టె మీద మ్యాచ్ అని ఉంటే రేంజ్‌కి, వేట కోసం చేసినదని స్పష్టంగా ఉంటేనే అడవికి.

రెండో కారణం వేగం చాలకపోవడం. చాలా వేట బుల్లెట్లు విచ్చుకోవాలంటే తగిలే సమయానికి సెకనుకి సుమారు 1,800 అడుగుల వేగం ఉండాలి. మీ తూటా ఏ దూరంలో ఆ అంకె కిందకి పోతుందో కంపెనీ పట్టికలో చూడండి. దాన్ని మీ గరిష్ఠ దూరంగా పెట్టుకోండి. నేనైతే 300 గజాలు దాటి జంతువు మీద కాల్చను. బుల్లెట్ చేరేలోపు జింక ఒక అడుగు వేసినా గాయం పొట్టలోకి పోతుంది.

చట్టం కూడా చూడాలి. టెక్సస్‌లో జింకకి రిమ్‌ఫైర్ (కేసు అంచులోనే ప్రైమర్ ఉండే చిన్న తూటా) పనికిరాదు, అంటే .22 తీసుకెళ్లకూడదు. కొలరాడోలో పెద్ద జంతువులకి కనీసం .24 క్యాలిబర్ ఉండాలి, కాబట్టి .223 కుదరదు, .243 జింకకి కుదురుతుంది. ఒహాయోలో జింక వేటకి రైఫిల్ తీసుకెళ్తే తూటా కేసు నిటారుగా ఉండాలి. మెడ దగ్గర సన్నబడే .308, క్రీడ్‌మోర్ రెండూ అక్కడ పనికిరావు.

ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకుంటున్నాయి, గుళ్లు కిందకి పోతున్నాయి

నా మొదటి రైఫిల్ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. శక్తి ఎక్కువ ఉంటే మంచిదనుకున్నాను. నెల తిరిగేసరికి రేంజ్‌కి వెళ్లాలంటేనే టెన్షన్. ఒకే బరువున్న రైఫిల్‌లో, కాల్చినప్పుడు భుజానికి తగిలే దాని దెబ్బ క్రీడ్‌మోర్‌కి సుమారు రెట్టింపు. భుజం నొప్పి తగ్గింది కానీ ఆ భయం పోవడానికి ఏడాది పట్టింది.

ఇది మీలో ఉందో లేదో తెలుసుకోవాలంటే, స్నేహితుడితో మ్యాగజైన్‌లో అక్కడక్కడా డమ్మీ తూటాలు కలిపి పెట్టించండి. డమ్మీ దగ్గర రైఫిల్ ముక్కు కిందకి కదిలితే తప్పు తూటాది కాదు. కొన్నాళ్లు .22తో సాధన చేసి, తర్వాత తక్కువ దెబ్బ ఉన్న క్యాలిబర్‌కి రండి. వైట్‌టెయిల్ జింకకి క్రీడ్‌మోర్, .308 ధారాళంగా సరిపోతాయి. ఎల్క్ (చాలా పెద్ద జింక జాతి) వేటకి వెళ్లేవాళ్లు మాత్రమే మాగ్నమ్ గురించి ఆలోచించండి.

బోల్ట్ తెరవడం కష్టంగా ఉంది

వెంటనే ఆపేయండి. ఒత్తిడి ఎక్కువైందనడానికి ఇది గుర్తు. తూటాలు ఎండలో, కారు డాష్‌బోర్డ్ మీద ఉన్నాయేమో, పక్కవాడి తూటా కలిసిందేమో చూడండి. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లో పట్టేసే అవకాశం ఉంది. కాలిస్తే రైఫిల్ పేలిపోతుంది. ఈ రెండూ ఉన్నవాళ్లు మ్యాగజైన్లకి రంగు టేప్ వేసి వేరు చేయండి, ఒకే బల్ల మీద రెండూ పెట్టకండి. కారణం తెలియకపోతే గన్‌స్మిత్‌కి చూపించేదాకా ఇంకొక్క గుండు కూడా కాల్చొద్దు.

రైఫిల్ బాగుంది, కాగితాలే సమస్య

హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. దాని గడువు తీరితే మినహాయింపు కూడా పోతుంది. కాబట్టి కొనేముందు లాయర్‌ని అడగండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకి ముందు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి.

రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌తో ఇండియా ప్రయాణం పెట్టుకోకండి. జేబు మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. "మర్చిపోయాను" అన్నా పోలీస్ స్టేషన్‌కి వెళ్లక తప్పదు. రేంజ్ సామాన్లకి వేరే బ్యాగ్ ఒకటి కేటాయించి, దాన్ని గన్ సేఫ్ పక్కనే ఉంచండి.