గల్లీలో డ్రైనేజీ పైపు పగిలితే ముందు సంప్ చూసుకోండి

రోడ్డు మీద మురుగు పారుతుంటే అందరి దృష్టీ వాసన మీదే ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం మంచినీళ్లకు. హైదరాబాద్‌లో చాలా కాలనీలకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు ఆగాక నల్లా పైపులో ఒత్తిడి ఉండదు. దానికి చిన్న పగులున్నా, చుట్టూ మట్టిలో ఇంకిన మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ నల్లా వదలగానే అదంతా మీ సంప్‌లోకే వస్తుంది. అందుకే మురుగు కనబడగానే సంప్‌లోకి వెళ్లే వాల్వు కట్టేయండి.

నల్లా నీళ్లు రంగు మారాయి, వాసన వస్తున్నాయి
మురుగు కలిసిందనే అనుకోండి. ఆ నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. సంప్, పైన ట్యాంకు ఖాళీ చేసి, బ్లీచింగ్ పౌడర్‌తో రుద్ది కడగండి. బ్లీచింగ్‌తో పాటు యాసిడ్ మాత్రం ఎప్పుడూ వాడకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. లైను బాగయ్యాక కూడా కొన్నాళ్లు నీళ్లు మరిగించే తాగండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఇస్తూ డాక్టరుకు చూపించండి.

మ్యాన్‌హోల్ పొంగుతోంది
ఇది పగులు కాకపోవచ్చు. పల్లం వైపున్న తర్వాతి మ్యాన్‌హోల్ సంగతి కనుక్కోండి. అదీ నిండి ఉంటే అడ్డు ఇంకా కిందుంది. అది దాదాపు ఎండిపోయి ఉంటే రెండింటి మధ్యే పైపు పూడింది, లేదా విరిగింది. జెట్టింగ్ మెషీన్ (ఒత్తిడితో నీళ్లు కొట్టి పూడిక తీసే యంత్రం) కొట్టాక కూడా మట్టి, కంకర వస్తూనే ఉంటే విరిగినట్టే. వాన పడినప్పుడే పొంగితే, వాన నీళ్లను ఎవరో డ్రైనేజీలోకి కలిపి ఉంటారు.

రోడ్డు కుంగింది
దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. పగిలిన పైపులోకి మట్టి జారిపోయి, తారు కింద గుంత పడి ఉంటుంది. బండ్లు వెళ్లకుండా రాళ్లో కొమ్మలో అడ్డం పెట్టండి. పైపైన మట్టి పోసి వదిలేస్తే మళ్లీ కుంగుతుంది. తవ్వి, విరిగిన ముక్క మార్చాల్సిందే.

రోడ్డు కింది లైను జలమండలిది (హైదరాబాద్ నీళ్లు, డ్రైనేజీ చూసే బోర్డు). 155313కి ఫోన్ చేసి, నల్లా బిల్లు మీదున్న కాన్ (CAN) నంబర్, అంటే మీ కనెక్షన్ ఖాతా నంబర్, దగ్గర్లోని గుర్తు చెప్పండి. “నల్లా నీళ్లలో మురుగు కలుస్తోంది” అన్న మాట తప్పకుండా చెప్పండి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి. ఇంటి నుంచి మ్యాన్‌హోల్ దాకా ఉన్న పైపు మాత్రం మీరే బాగు చేయించుకోవాలి.

ఆలస్యమవుతోందని చందాలు వేసుకుని ఎవరినో మ్యాన్‌హోల్‌లోకి దింపే ఆలోచన దయచేసి చేయకండి. లోపలి గ్యాస్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు. రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. మెషీన్ వచ్చేదాకా స్నానాలు, బట్టలు ఉతకడం కాస్త తగ్గించమని ఎగువ ఇళ్లవాళ్లను అడగండి, పొంగు చాలావరకు తగ్గుతుంది.

పైపు మార్చాక గుంత పూడ్చకముందే పై మ్యాన్‌హోల్‌లో నీళ్లు పోయించి, అతుకుల దగ్గర చెమ్మ ఉందేమో దగ్గరుండి చూడండి.