ఇంటి ఆయుర్వేదం, 5వ పాఠం: పెరుగు చలవ చేయదు

ఈసారి జఠరాగ్ని, అంటే తిన్నది అరిగించే శక్తి గురించి చెప్తానని రాశాను. అది 6వ పాఠానికి వెళ్తోంది. పోయిన పాఠంలో ఆరు రుచులు చెప్పి, ఏ రుచి ఏ దోషాన్ని, అంటే ఒంట్లో కదలికనిచ్చే వాతం, వేడినిచ్చే పిత్తం, జిడ్డూ బరువూ ఇచ్చే కఫంలో దేన్ని, పెంచుతుందో, ఏది తగ్గిస్తుందో చెప్పి, వారం రోజుల పాటు తిన్నవన్నీ రాసి పక్కన దోషం వేసి పంపమన్నాను కదా, ఆ పట్టికలన్నీ కూర్చుని చదివాక ముందుకు వెళ్ళడానికి నాకు మనసు ఒప్పలేదు. దాదాపు అందరి పట్టికలోనూ ఒకే వరుస ఉంది: "పెరుగన్నం, చలవ, పిత్తం తగ్గుతుంది".

అంబత్తూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఆవిడకి చాలా రోజులుగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. నా పాఠం చదివి ఇది పిత్తమే అని నిర్ణయించుకుని, రెండు పూటలా పెరుగన్నం తిని, అది చాలదన్నట్టు రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్‌లోంచి గిన్నెడు గడ్డ పెరుగు తీసుకుని తిన్నారు. పదో రోజుకి మంటకి నిద్ర కూడా పట్టడం లేదు. "మీరు చెప్పినట్టే చేశాను కదమ్మా" అన్నారు. పులుపు పిత్తాన్ని పెంచుతుందని అదే పాఠంలో రాశాను. కానీ పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి పులుపు గుర్తు రాలేదు, చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న "చలవ" గుర్తొచ్చింది. ఇలా జరుగుతుందని నేను ముందే ఊహించి ఉండాల్సింది. ఆవిడని కడుపు డాక్టరుకి చూపించుకోమన్నాను, చూపించుకుంటున్నారు.

ఇంకొకటి దీనికంటే గట్టిగా చెప్పాలి. చేదు కఫాన్ని తగ్గిస్తుందన్నానని ఒక పెద్దాయన షుగర్ మాత్ర వేసుకుంటూనే రోజూ పొద్దున్నే పరగడుపున గ్లాసుడు కాకరకాయ రసం మొదలుపెట్టారు. తాంబరం స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద చెమటలు పట్టి కూలబడ్డారు, షుగర్ బాగా పడిపోయింది. మాత్రలు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు నా పాఠాలు చదివి అర్థం చేసుకోండి, అంతవరకే. తిండిలో పెద్ద మార్పు చేసే ముందు మీ డాక్టరుకి ఒక మాట చెప్పండి. మాత్ర మాత్రం ఎవరూ మానొద్దు. ఇది నేను ప్రతి పాఠంలో రాస్తాను, విసుగొచ్చినా చదవండి.

ఇక పాఠం. వాతం, పిత్తం, కఫం ఏమిటో మళ్ళీ చెప్పను. ఒక చిన్న దిద్దుబాటు మాత్రం ఉంది. శాస్త్రంలో కటు అంటే కారం, తిక్త అంటే చేదు. హిందీలో కారాన్ని తీఖా అంటారు, దాన్ని తలుచుకుని ముగ్గురు తిక్త పక్కన పచ్చిమిరపకాయ రాశారు. ఇంట్లో ఉగాది పచ్చడి చేసుకునేవాళ్ళం, వేపపువ్వుని తలుచుకుంటే ఇక మర్చిపోరు.

రుచి అంటే నాలుక మీద తెలిసేది. శాస్త్రం దాన్ని రసం అంటుంది. ఆ పదార్థం ఒంట్లోకి వెళ్ళాక వేడి చేస్తుందా, చలవ చేస్తుందా అన్నది వేరే సంగతి, దాన్ని వీర్యం అంటారు. ఈ మాట వినగానే మనవాళ్ళకి ఇంకో అర్థం తోస్తుంది, ఇక్కడ దానికి సంబంధం లేదు. వీర్యం అంటే పదార్థానికి పనిచేసే శక్తి. ముఖ్యంగా రెండు రకాలు, ఉష్ణం, శీతం. మామూలుగా తీపి, చేదు, వగరు శీతం వైపు, పులుపు, ఉప్పు, కారం ఉష్ణం వైపు ఉంటాయి. అరిగాక మిగిలే రుచిని విపాకం అంటారు, అది మొదటి ఏడాది మీకు అక్కర్లేదు. పుస్తకాలు ఇవన్నీ కలిపి చెప్తాయి, నేను అలా చెప్పను. నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మూడు ప్రశ్నలే ఇస్తాను: బరువా తేలికా, జిడ్డా పొడా, వేడా చలవా. ఈ మూడింటికి జవాబు తెలిస్తే వంటింట్లో చాలావరకు దారి దొరుకుతుంది. ఒంట్లో ఏ గుణం పెరిగిందో దానికి ఎదురు గుణం ఉన్నది తింటే తగ్గుతుంది, అదే గుణం ఉన్నది తింటే ఇంకా పెరుగుతుంది. సామాన్యం, విశేషం అని పుస్తకాల్లో చదివేది ఇదే.

చిక్కంతా మూడో ప్రశ్న దగ్గరే. మన ఇళ్ళల్లో చలవ అనే మాట రెండు పనులకి వాడతాం. చేతికి చల్లగా తగిలినా చలవే, ఒంటికి చలవ చేసినా చలవే. శాస్త్రానికి మొదటిది అక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన ఆవకాయ చలవ చేస్తుందని ఎవరైనా అంటారా? అనరు కదా. మరి ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగుని ఎందుకు అంటున్నాం? నోట్లో పెట్టుకోగానే హాయిగా ఉంటుంది, మెత్తగా జారుతుంది, కారం తిన్న నాలుక మంట తగ్గుతుంది. ఆ హాయి అయిదు నిమిషాలది. మూడు గంటల తర్వాత ఒంట్లో ఏం జరుగుతోందన్నదే వీర్యం.

పాలతో మొదలుపెడదాం. పాలు తీపి, బరువు, జిడ్డు, చలవ. వాటిలో తోడు వేసి రాత్రంతా వదిలేస్తే పులుస్తాయి. పులుపుతో పాటు గుణమూ మారిపోతుంది. పెరుగు వీర్యం ఉష్ణం, అరిగాక మిగిలేదీ పులుపే, బరువు అలాగే ఉంటుంది. వాతాన్ని తగ్గిస్తుంది, అది నిజం. కానీ కఫాన్నీ పిత్తాన్నీ రెండింటినీ పెంచుతుంది, వాపు కూడా తెస్తుందని శాస్త్రం చెప్తుంది. చరక సంహితలో పెరుగుకి నియమాలు పెట్టారు: రాత్రి తినకూడదు, వేడి చేసి తినకూడదు, నెయ్యి చక్కెరో, పెసరకట్టో, తేనో, ఉసిరికాయో ఏదో ఒకటి కలపకుండా తినకూడదు. శరత్తులో, ఎండాకాలంలో, వసంతంలో అసలు మంచిది కాదన్నారు. ఇప్పుడు మన చెన్నైని చూడండి. కత్తిరి ఎండల్లో, అంటే మే నెల మండుటెండల్లో, మూడు పూటలా మనం తినేది ఏమిటి? తయిర్ సాదం, అదే పెరుగన్నం. పక్కన ఊరగాయ, అంటే పులుపు మీద ఉప్పు, కారం. మూడూ పిత్తాన్ని పెంచేవే. ఆ అన్నం తిని మధ్యాహ్నం కునుకు తీస్తే కళ్ళు బరువెక్కడం, సాయంత్రానికి నోరు పుల్లబడటం మీలో ఎంతమందికి అనుభవమో రాయండి.

"మరి మా తాత తొంభై ఏళ్ళు పెరుగన్నం తిని బతికాడు" అని రాసేవాళ్ళు ఉంటారు. పోయినసారీ రాశారు. మా నెల్లూరులో మా తాతగారూ తిన్నారు. కానీ ఆయన పొద్దున పది గంటలకి, పొలం పని అయ్యాక, కవ్వంతో చిలికి వెన్న తీసిన మజ్జిగ పోసుకుని తిన్నారు. మనం పెరుగన్నం అని పిలుస్తున్నదీ ఆయన తిన్నదీ ఒకటి కాదు. చిలికి, వెన్న తీసి, నీళ్ళు కలిపిన మజ్జిగ తేలిక, వగరు కలిసిన పులుపు, ఆకలి పుట్టిస్తుంది, కఫవాతాలని తగ్గిస్తుంది. అదే పాలు, అదే తోడు. చిలకడంతో గుణం మారిపోయింది. దీన్నే సంస్కారం అంటారు. మిక్సీలో పెరుగు, నీళ్ళు వేసి తిప్పి వెన్న తియ్యకుండా తాగితే అది పలచటి పెరుగు, మజ్జిగ కాదు. ఈ మాట మా ఇంట్లోనే రోజూ చెప్తాను.

మజ్జిగ కూడా అన్నిటికీ మంచిది కాదు. మండుటెండల్లో, ఒళ్ళు మంటగా ఉన్నప్పుడు, కళ్ళు తిరుగుతున్నప్పుడు, నీరసించినవాళ్ళకి మజ్జిగ ఇవ్వొద్దని సుశ్రుతుడు చెప్పాడు. వాతానికైతే పుల్ల మజ్జిగలో సైంధవ లవణం, పిత్తానికైతే పులవని తియ్య మజ్జిగలో చక్కెర, కఫానికైతే శొంఠి, మిరియాలు, పిప్పళ్ళ పొడి వేసి తాగమన్నారు. ఒకే గ్లాసు మజ్జిగకి ముగ్గురికి మూడు రకాలు. తిరునీర్మలై నుంచి ఒక అబ్బాయి "ఏది మంచి ఆహారమో ఒక జాబితా ఇవ్వండి" అని అడిగాడు. నేను జాబితా ఇవ్వనిది ఇందుకే, నాయనా. ఎవరికి, ఎప్పుడు, ఎలా చేసి అన్నది తేలకుండా నేను జాబితా రాస్తే అది నీకు చెడు చేస్తుంది.

రుచి ఒకటి చెప్పి వీర్యం ఇంకొకటి చేసేవి మన వంటింట్లో ఇంకా ఉన్నాయి. ఉసిరికాయ పులుపే, కానీ పిత్తాన్ని తగ్గిస్తుంది. దానిమ్మ పుల్లగా ఉన్నా పిత్తాన్ని రేపదు. ఉలవలు వగరు, రుచి లెక్కన చలవ చెయ్యాలి, కానీ అవి ఉష్ణం, అందుకే మంట ఉన్నవాళ్ళని ఉలవచారు దగ్గరికి వెళ్ళొద్దంటాం. మినుములు తీపే, కానీ బరువు, జిడ్డు, వేడి. వాటిని రుబ్బి పులియబెట్టి ఇడ్లీ పోసి "తేలికగా ఉంటుంది" అని జ్వరం వచ్చినవాళ్ళకి పెడుతున్నాం. మెత్తగా ఉండటం వేరు, తేలికగా ఉండటం వేరు. జ్వరం తగ్గాక నేనైతే పెసరకట్టు ఇస్తాను. పాలు, చేపలు రెండూ తీపే, కానీ ఒకటి చలవ, ఒకటి వేడి, అందుకే ఆ రెండూ కలిపి తినకూడదని చరకంలో ఉంది. చేపల పులుసు తిన్న రోజు మా అమ్మ పాలు తాగనిచ్చేది కాదు, కారణం ఆవిడకి తెలియదు, నియమం తెలుసు.

వగరు గురించి ఒక మాట, ఎందుకంటే మీ పట్టికల్లో ఆ గడి ఖాళీగా ఉంది. వగరు పట్టి ఉంచుతుంది, ఆరబెడుతుంది. మద్రాసు తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. కె.ఎన్. కేసరి గారి కేసరి కుటీరం ఆడవాళ్ళ కోసం చేసిన లోధ్ర ఒకప్పుడు ఇంటింటా తెలిసిన పేరు. ఆయనే గృహలక్ష్మి పత్రిక కూడా నడిపారు. ఆ మందు పేరులో ఉన్నది లొద్దుగ చెట్టు, దాని బెరడు వగరు, చలవ. ఇలాంటి బెరళ్ళు మైలాపూరు నాట్టు మరుందు కడైలో, అంటే నాటు మందుల కొట్లో దొరుకుతాయి. చేత్తో పట్టుకుని వాసన చూడండి, చిన్న ముక్కని నాలుకకి ఆనించి చూడండి, కొని కషాయం కాచుకుని తాగొద్దు. మందు గురించి మనం ఇంకా మాట్లాడటం లేదు.

ఈసారి అభ్యాసం కష్టం. తొమ్మిది రోజులు. మొదటి మూడు రోజులు తిండి ఏమీ మార్చొద్దు. తిన్నది రాసి, సరిగ్గా మూడు గంటలకి మళ్ళీ నోటుబుక్ తెరిచి అయిదు సంగతులు రాయండి: నోట్లో రుచి, తేన్పు ఉంటే దాని రుచి, దాహం, కడుపు బరువు, కళ్ళ బరువు. చెన్నై ఐటీ రోడ్డు ఓ.ఎం.ఆర్.లో ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు మీటింగ్ ఉంది, టెన్షన్ ఉంది అనకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోండి, రెండు నిమిషాల పని. నాలుగో రోజు నుంచి ఆరో రోజు వరకు, మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్ళు మాత్రమే, రాత్రి పెరుగు మాని అదే పెరుగుని మర్నాడు పొద్దున్న చిలికి వెన్న తీసి మధ్యాహ్నం మజ్జిగగా పోసుకోండి. ఇంకేమీ మార్చొద్దు, కాఫీ కూడా మానొద్దు, రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో నాకూ తెలియదు, మీకూ తెలియదు. ఏడు నుంచి తొమ్మిది వరకు మళ్ళీ పాత పద్ధతి. పైన చెప్పిన మాత్రలవాళ్ళు, గర్భిణులు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు తొమ్మిది రోజులూ రాస్తే చాలు.

ఈసారి పట్టికలో దోషం గడి లేదు, నేనే తీసేశాను. పిత్తం, వాతం అని పేర్లు పెట్టొద్దు, జరిగింది రాయండి. మూడు గంటలకి ఏమీ తెలియకపోతే "ఏమీ లేదు" అని రాయండి, గడి ఖాళీగా వదలొద్దు. 6వ పాఠంలో అగ్ని గురించి ఆ గడుల నుంచే మొదలుపెడతాను.