పండుగ మెయిల్ ఏ రోజున పంపాలి: వస్త్ర దుకాణాలకు సూచనలు

పోయిన ఏడాది పంపిన తేదీనే ఈ ఏడూ కంప్యూటర్‌లో ఎక్కించి ఊరుకోవడం వల్లనే పండుగ మెయిళ్లు ఎక్కువగా అదను తప్పుతాయి. సంక్రాంతి సౌరమానాన్ని బట్టి జనవరి 14న గానీ 15న గానీ వస్తుంది కనుక దానితో పేచీ లేదు. ఉగాది మాత్రం 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. మొదటి ఏడు వారం ముందుగా ఏప్రిల్ 2న వెళ్లిన మెయిల్‌ను మరుసటి ఏడు అదే తేదీకి వదిలితే, పచ్చడి తిన్న మూడో రోజున చేరుతుంది. అందువల్ల ముందుగా పంచాంగం తెరిచి ఆ ఏటి తేదీలు రాసుకోవాలి.

శ్రావణం దగ్గర మరింత మెలకువ అవసరం. ఉత్తరాదిలో నెల పౌర్ణమితోనూ, మనకు అమావాస్యతోనూ ముగుస్తుంది కాబట్టి వారి శ్రావణం మనకన్నా పక్షం ముందే మొదలవుతుంది: 2025లో వారికి జులై 11న, మనకు జులై 25న. ఢిల్లీలో తయారైన ప్రచారాన్ని హైదరాబాదు ఖాతాదారులకూ అదే రోజు పంపితే, ఇక్కడ ఇంకా ఆషాఢం తగ్గింపు అమ్మకాలు సాగుతుండగానే ‘శ్రావణ శుభాకాంక్షలు’ అందుతాయి. అధికమాసాన్నీ చూసుకోవాలి. 2023లో అధిక శ్రావణం ఆగస్టు 16 వరకు సాగింది, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న గానీ రాలేదు.

తేదీ తేలాక వెనక్కి లెక్క కట్టాలి. వ్రతానికి చీర కొనే గృహిణి ఫాల్ వేయించాలి, జాకెట్టు కుట్టించాలి. పండుగ వారంలో కొత్త గుడ్డ తీసుకునే దర్జీ దొరకడం కష్టం. కనుక మొదటి మెయిల్ కనీసం మూడు వారాల ముందు వెళ్లాలి, చివరిది ఆ పిన్‌కోడ్‌కు పార్సిల్ పండుగలోగా అందగల ఆఖరి రోజున వెళ్లాలి. ఆ తరువాత పంపేది చిరాకు పుట్టించడానికే పనికొస్తుంది. నిన్న పూర్తి ధరకు కొన్నవారిని నేటి తగ్గింపు జాబితా నుండి తీసివేయాలి. డల్లాస్‌లోని వారికి వేరే జాబితా ఉండాలి, ఎందుకంటే వేసవిలో మన ఉదయం తొమ్మిది అంటే అక్కడ ముందటి రాత్రి పదిన్నర.

ముందే సమయం పెట్టిన మెయిళ్లను ఆపే అధికారం సెలవు రోజుల్లోనూ ఒకరికి ఉండాలి. 2024 సెప్టెంబరు 7న వినాయక చవితి. ఆ నెల మొదట్లోనే బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచింది. అలాంటి వారంలో ఆ ఊరి పిన్‌కోడ్‌లన్నింటికీ మెయిల్ నిలిపివేసి, మిగిలిన ఊళ్లకు మాత్రమే పంపాలి.