దూరపు సవారీకి సరిపడే సైకిలు సీటు: కొలత, ఎంపిక, అమరిక

సైకిలు మీద గంటసేపు తిరిగి వచ్చేవారికి ఏ సీటైనా ఒకలాగే అనిపిస్తుంది. నాలుగైదు గంటలు దాటాకే దాని గుణం బయటపడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో బ్రెవేలకు, అంటే నిర్ణీత గడువులోగా పూర్తిచేయవలసిన దూరపు సైకిలు సవారీలకు, సిద్ధమయ్యేవారికి ఈ సంగతి త్వరగానే తెలిసివస్తుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు కాబట్టి, కాళ్ళలో సత్తువ మిగిలి ఉండగానే కూర్చోలేక దిగిపోయేవారు ఉంటారు. ఆ తరువాత చాలామంది దుకాణానికి వెళ్ళి ‘ఇంతకంటే మెత్తటి సీటు చూపించండి’ అని అడుగుతారు. వెతుకులాట దారి తప్పేది అక్కడే.

సైకిలు మీద బరువు మోయవలసినవి కటి అడుగున, పిరుదుల కండ కింద ఉండే రెండు ఎముకలు. గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు కింద పెట్టుకుంటే అవి గుండ్రంగా చేతికి తగులుతాయి. వాటి నడుమ, జననాంగాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న మెత్తటి భాగం గుండా నరాలూ రక్తనాళాలూ వెళతాయి. ఆ భాగం మీద బరువు పడకూడదు. జెల్ నింపిన దళసరి సీటు మీద కూర్చున్నప్పుడు ఎముకలు లోపలికి దిగబడతాయి, అవి దిగిన మేరకు మధ్యనున్న జెల్ పైకి ఉబికి ఆ మెత్తటి భాగాన్నే నొక్కుతుంది. బజారుకు వెళ్ళి రావడానికి హాయిగా ఉన్న సీటు వంద కిలోమీటర్ల దగ్గర తిమ్మిరి పుట్టించడానికి కారణం ఇదే. సీటు పైన తొడిగే జెల్ కవర్లదీ ఇదే కథ. పైగా అవి పక్కకు జారి తొడలను ఒరుస్తాయి. ఆ డబ్బు మంచి ప్యాడింగు నిక్కరు మీద పెట్టడం మేలు.

కాబట్టి మొదట తెలుసుకోవలసింది ఆ రెండు ఎముకల మధ్య దూరం. ఇది ఇంట్లోనే అయ్యే పని. ఫ్రిజ్, టీవీ వంటివి వచ్చే పెట్టె నుంచి, రెండు పొరల మధ్య అలలు అలలుగా కాగితం ఉండే అట్టను ముక్క కత్తిరించి, మెట్టు మీదో గట్టి స్టూలు మీదో వేసుకోవాలి. కుషనున్న కుర్చీ పనికిరాదు. పలుచటి బట్టలతో దాని మీద కూర్చుని, సైకిలు మీద వంగినంతగా ముందుకు వంగి, మడమలు కాస్త పైకెత్తి, అర నిమిషం పాటు బరువంతా అట్ట మీదే పడేలా చూసుకోవాలి. లేచి చూస్తే ఒక్కోసారి ఏమీ కనిపించదు. అప్పుడు గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని అట్టకు ఆనించినట్టుగా పక్క నుంచి వేస్తే రెండు గుంటలూ నీడలతో తేలతాయి. పెన్సిలు మొనను పడుకోబెట్టి తేలికగా రుద్దినా చుట్టూ నల్లబడి, గుంటలో మాత్రం అట్ట రంగు అలాగే మిగులుతుంది. ఒక్కో గుంటలో అన్నిటికంటే లోతైన చోట చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకు మిల్లీమీటర్లలో కొలవాలి. రెండు మూడు సార్లు చేస్తే కొలత కాస్త అటూ ఇటూ వస్తుంది; నడిమి కొలతను తీసుకుంటే చాలు.

పెద్దవారిలో ఈ దూరం చాలావరకు 100 నుంచి 150 మి.మీ. మధ్య ఉంటుంది. స్త్రీలలో సగటున కొంచెం ఎక్కువే అయినా, ఆడవారి సీటు, మగవారి సీటు అన్న చీటీని చూసి కొనడం కంటే తన కొలతను చూసుకుని కొనడం నయం, ఎందుకంటే రెండు వర్గాల కొలతలూ చాలావరకు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లావుగా ఉన్నవారికి వెడల్పు సీటే కావాలన్న నమ్మకం కూడా నిలవదు; ఇక్కడ కొలిచేది ఎముకలను, కండను కాదు. వచ్చిన కొలతకు సుమారు 20 మి.మీ. కలిపితే రోడ్డు సైకిలుకు కావలసిన సీటు వెడల్పు వస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కేవారు ఇంకొంచెం ఎక్కువ, బాగా వంగి తొక్కేవారు ఇంకొంచెం తక్కువ కలుపుకోవాలి. ముందుకు వంగేకొద్దీ కటి కూడా వంగి, ఎముకల ముందు భాగం సీటుకు ఆనుతుంది. ఆ భాగం ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఉదాహరణకు 120 మి.మీ. వచ్చినవారికి 140 ప్రాంతపు సీటు, అంటే దుకాణాల్లో దొరికే 143 సైజు సరిపోవచ్చు. సీటు మీద అచ్చువేసేది అంచు నుంచి అంచుకు ఉన్న పూర్తి వెడల్పు. అంచులు కిందికి వంగిన సీటులో ఎముకలకు నిజంగా ఆధారమిచ్చే చోటు అంతకంటే తక్కువే ఉంటుంది, కాబట్టి అలాంటి వాటిని కొనేముందు వెనుక భాగం మీద అరచేయి ఆనించి, ఎంతమేర చదునుగా ఉందో చూడాలి.

వెడల్పు తేలాక ఆకారం. వెనుక నుంచి ముక్కు వరకు క్రమంగా సన్నబడే సీట్లు కొన్ని, వెనుక వెడల్పుగా ఉండి ఒక్కసారిగా సన్నబడేవి కొన్ని. తొడల లోపలి వైపు ఒరుసుకుపోయేవారికి రెండో రకం బాగుంటుంది. మధ్యలో చీలిక ఉన్న సీటు తిమ్మిరి పట్టేవారిలో చాలామందికి ఉపశమనమిస్తుంది గానీ, కొందరికి ఆ చీలిక అంచులే గుచ్చుకుంటాయి. ముక్కు పొట్టిగా ఉండే సీట్లు ఈమధ్య రోడ్డు సైకిళ్ళలో బాగా ప్రచారంలోకి వచ్చాయి. హ్యాండిల్ కింది వంపు పట్టుకుని ఎక్కువసేపు వంగి తొక్కేవారికి ఇవి నప్పుతాయి, ముందుకూ వెనక్కూ జరుగుతూ కూర్చునే అలవాటున్నవారికి మాత్రం చోటు చాలదనిపిస్తుంది. సీటు అడుగున ఉండే పట్టాలు మామూలుగా 7 మి.మీ. గుండ్రటి కడ్డీలు. కార్బన్ పట్టాలు తరచుగా కోలగా, ఎత్తు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, మీ సీట్ పోస్టు (సీటును మోసే గొట్టం) బిగింపు వాటికి పనికొస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

తోలు సీట్ల మాట వేరు. 1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ కంపెనీ వారి బీ17 సీటును దూరప్రయాణికులు ఇప్పటికీ వదలకపోవడానికి కారణం, అందులో మెత్త అనేదే లేకపోవడం. ముందూ వెనుకా బిగించిన దళసరి తోలు నులకమంచంలా సాగి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత ఆ మనిషి ఎముకలకు తగ్గట్టు దిగుతుంది. మరీ వదులైతే ముక్కు కింద ఉన్న మరను కొద్దిగా తిప్పి బిగించుకోవాలి. బరువు అరకిలో అటూ ఇటూ ఉంటుంది. తడిసిన తోలు మీద కూర్చుని తొక్కితే వంకర పోతుంది, అందువల్ల వానాకాలంలో సీటు కింద ఒక ప్లాస్టిక్ కవరు మడిచి పెట్టుకోవడం తప్పదు. ఓపిక లేనివారు దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

సీటు ఎంత మంచిదైనా అమరిక కుదరకపోతే దండగే, పైగా అమరికకు పైసా ఖర్చు లేదు. కాబట్టి కొత్తది కొనేముందు ఉన్నదాన్నే సరిచేసి చూడాలి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని సీటు నొక్కినంత గట్టిగా పైకి నొక్కి, పుస్తకం అంచు నుంచి నేల వరకు కొలిచి, దాన్ని 0.883తో గుణిస్తే, క్రాంకు ఇరుసు (పెడళ్ళ కడ్డీలు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు సుమారుగా వస్తుంది. 80 సెం.మీ. కాలికి అది 70.6 సెం.మీ. ఎత్తు మించితే ప్రతి తొక్కుడుకూ తుంటి పక్కలకు ఊగుతుంది. వెనుక వచ్చే మిత్రుడిని చూడమంటే ఇట్టే చెబుతాడు. ఆ ఊపే చర్మాన్ని ఒరిపి, చివరకు సెగ్గడ్డ లేపుతుంది.

వాలు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సీటు మీద గట్టి అట్ట ఉన్న పుస్తకం ఉంచి, దాని మీద మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి సమంగా ఉండేలా చూడడం మంచి మొదలు. సైకిలు నిలిపిన నేల కూడా సమంగా ఉండాలని చాలామంది మరిచిపోతారు. ముక్కు పైకి లేస్తే మెత్తటి భాగం నలుగుతుంది. కిందికి ఎక్కువ వాలితే మనిషి జారుతూ ఉంటాడు, ఆ జారుడును చేతులతో ఆపుకోవడం వల్ల మణికట్లు నొప్పి పెట్టి వేళ్ళు మొద్దుబారతాయి. ముక్కు కిందికి ఒకటి రెండు డిగ్రీల వాలు చాలామందికి బాగుంటుంది, అయితే మార్చేటప్పుడు అర డిగ్రీ చొప్పునే మార్చాలి. ముందుకు వెనక్కు జరపడానికి, రెండు పెడళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు ముందున్న మోకాలి చిప్ప కింది నుంచి దారానికి కట్టిన గుండు వదిలితే అది పెడలు ఇరుసు దాపుల్లో పడాలన్నది పాత లెక్క. దాన్ని ఆరంభంగా తీసుకోవచ్చు, శాసనంగా కాదు. సీటును వెనక్కి జరిపితే కాలికి దూరం పెరుగుతుంది కాబట్టి ఎత్తును కాస్త తగ్గించాలి.

ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే బాగుపడినా, చెడినా, దేనివల్లో తెలియదు. నొప్పి ఎక్కడుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఎముకల దగ్గర నొప్పి కొత్తవారికి మొదటి వారాల్లో సహజమే, అది క్రమంగా తగ్గాలి. తగ్గకపోతే సీటు ఇరుకైనదో, మరీ మెత్తనిదో అయి ఉంటుంది. మధ్యలో తిమ్మిరి పడితే ముందు వాలును, ఆ తరువాత వెడల్పును అనుమానించాలి. ఒక పక్కనే పుండు పడితే సీటు వంకరగా బిగించి ఉందేమో, లేదా ఒక కాలు కొంచెం పొట్టిదేమో చూడాలి. పదేపదే ముక్కు మీదికి జరుగుతున్నారంటే హ్యాండిల్ బారు దూరంగా ఉందని అర్థం, దానికి సీటును మార్చి ప్రయోజనం లేదు. తిమ్మిరిని ఎప్పుడూ ఓర్చుకోకూడదు. వెంటనే లేచి నిలబడి తొక్కాలి, దిగాక కూడా గంటల తరబడి వదలకపోతే వైద్యుని చూడాలి. గడ్డ లేచి జ్వరం వచ్చినా, మధుమేహం ఉన్నవారికి చిన్న పుండు పడినా ఆలస్యం చేయరాదు.

ప్యాడింగు నిక్కరు లోపల డ్రాయరు వేసుకోకూడదు, ఎందుకంటే దాని కుట్లే ముందు ఒరిపేది. మన ఎండల్లో పదింటికే ప్యాడు చెమటతో తడిసిపోతుంది కాబట్టి, బయలుదేరేముందు ఒరిపిడి తగ్గించే క్రీము రాసుకోవడం, ఇంటికి రాగానే నిక్కరు విప్పి స్నానం చేయడం, నిక్కరును ఉతికి ఎండలో ఆరేయడం అలవాటు కావాలి. పది పదిహేను నిమిషాలకొకసారి కొద్ది క్షణాలు సీటు నుంచి లేవాలి; ఊళ్ళ ముందు వేసే స్పీడు బ్రేకర్లు, గీతల దిమ్మలు ఆ పనిని ఎలాగూ గుర్తుచేస్తాయి. 25 మి.మీ. టైరు బదులు ఫ్రేములో పట్టినంతవరకు 28 లేదా 32 వేసి, గాలి కొంచెం తగ్గిస్తే గరుకు రోడ్డు అదురు సీటు దాకా రావడం చాలా తగ్గుతుంది.

దుకాణంలో ఐదు నిమిషాలు కూర్చుని చూస్తే ఏమీ తెలియదు. ఎక్కువకాలం తొక్కుతున్నవారి ఇళ్ళలో తమకు కుదరని సీట్లు ఒకటి రెండు పడి ఉంటాయి. అడిగి తెచ్చుకుని, రెండు మూడు గంటల సవారీలు కొన్ని చేశాకే కొనాలి. బ్రెవే దగ్గరపడ్డాక కొత్త సీటు వేయవద్దు. రైల్లోనో కారులోనో సైకిలును తీసుకువెళ్ళడానికి సీట్ పోస్టు ఊడదీసేవారు, తిరిగి బిగించేటప్పుడు ఎత్తు, దిక్కు మారకుండా ముందుగా ఫ్రేము అంచు దగ్గర పోస్టు చుట్టూ ఎలక్ట్రికల్ టేపు చుట్టి, ముక్కు చూసే దిక్కుకు టేపు మీద పెన్నుతో గీత గీసుకోవాలి.