చిన్న విమానం దించే ముందు శిక్షణార్థులు పాటించాల్సిన జాగ్రత్తలు

ఒడిశాలోని జయపురం, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ల నుంచి పైలట్ శిక్షణకు వెళ్తున్నవారు మొదట దిగబోయే రన్‌వే స్వభావాన్ని తెలుసుకోవాలి. కోరాపుట్ జిల్లాలోని జయపురం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉన్నందున, వేగమాపకంలో అంకె మామూలుగానే ఉన్నా విమానపు అసలు వేగం ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు 2 శాతం చొప్పున ఎక్కువగా ఉంటుంది. కంటికి వేగం ఎక్కువనిపించి తగ్గించబోతే స్టాల్ అయ్యే (రెక్కలు విమానాన్ని మోసే శక్తి కోల్పోయే) ప్రమాదం ఉంది కాబట్టి మాపకాన్నే నమ్మాలి.

బరంపురం దగ్గరి రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ సముద్రతీరానికి సమీపంలో ఉంది. అక్కడ మధ్యాహ్నం సముద్రపు గాలి దిశ మార్చవచ్చు కనుక దిగే ముందు గాలి దిశ చూపే గుడ్డ గొట్టమైన విండ్‌సాక్‌ను మళ్లీ చూడాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రన్‌వేకు ఎదురుగా వచ్చేందుకు తిరిగే చివరి మలుపు. రన్‌వే వరుసను దాటిపోయినప్పుడు రడ్డర్‌తో (ముక్కును పక్కకు తిప్పే తోక పలకతో) ముక్కును బలవంతంగా తిప్పకూడదు. మలుపు కోసం ఎత్తు నిలుపుకుంటూ విమానాన్ని 60 డిగ్రీలు పక్కకు వాల్చితే స్టాల్ వేగం (స్టాల్ మొదలయ్యే వేగం) 41 శాతం పెరుగుతుంది, అంత తక్కువ ఎత్తులో తేరుకోవడానికి చోటుండదు.

బెల్టులు, ఇంధనం, మిక్స్చర్ (ఇంజిన్‌కు వెళ్లే ఇంధనం, గాలి పాళ్లు) సరిచూసుకోవాలి.

దిగడానికి రన్‌వే వైపు వచ్చేటప్పటి వేగం స్టాల్ వేగానికి సుమారు 1.3 రెట్లు ఉండాలి. అంతకు మించితే విమానం నేలకు తాకకుండా తేలుతూ రన్‌వేను తినేస్తుంది. చక్రాలు తగిలి ఎగిరిపడితే ముక్కును కిందికి నొక్కడం ముందుచక్రాన్ని విరగ్గొట్టుకోవడమే. నేలకు 500 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, వరుస, దిగుడు కుదరకపోతే, చూడవచ్చిన బంధువులు ఏమనుకుంటారోనన్న బిడియం లేకుండా పూర్తి పవర్ ఇచ్చి పైకి లేచి, మరో చుట్టు తిరిగి రావాలి.